తేటగా ఉన్న రోజుల్లో రాసుకునే కాగితం

ఎన్టీఆర్ జిల్లా మైలవరంలో ఏ ఇంట్లో బీరువా తెరిచినా కాగితాలకు కొదవ ఉండదు. పట్టాదారు పాసుపుస్తకం, ఎల్‌ఐసీ బాండు, బంగారం కుదువ పెట్టిన రశీదు, పిల్లల మార్కుల జాబితాలు. ఇంట్లో మనసుకు సంబంధించిన వైద్యం తీసుకుంటున్న మనిషి ఉంటే చీరల మడతల కింద మెడికల్ షాపు కవరొకటి అదనం. అందులో పదేళ్ల మందుల చీటీలు, లిథియం రక్తపరీక్ష రిపోర్టులు, ఒకటో రెండో డిశ్చార్జి సమ్మరీలు, కొందరికి సదరం సర్టిఫికెట్. అది అక్కడుండేది జాగ్రత్త కోసం కాదు, వచ్చిన చుట్టాల కంట పడకూడదని. ఆ కవర్లో కాగితాలన్నీ ఆ మనిషి గురించి వేరేవాళ్లు రాసినవే. తన గురించి తాను రాసుకున్నది వెతికినా దొరకదు.

అలా రాసుకునే హక్కు మన దేశంలో ప్రతి మేజరుకీ ఉంది. 2017లో పార్లమెంటు చేసిన, 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 5వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. ఇంగ్లీషులో అడ్వాన్స్ డైరెక్టివ్ అంటారు. తెలుగులో ‘ముందస్తు నిర్దేశ పత్రం’ అని తర్జుమా చేస్తున్నారు కానీ అది విన్నవాళ్లకు టెండరు నోటీసు గుర్తొస్తుంది. నేను ముందుచూపు పత్రం అంటాను. రేపు జబ్బు తిరగబెట్టి, నా వైద్యం గురించి నేను నిర్ణయించుకోలేని స్థితికి వస్తే ఎలాంటి వైద్యం కావాలి, ఎలాంటిది వద్దు, నా తరఫున ఎవరు మాట్లాడాలి: ఈ మూడే అందులో విషయాలు. గతంలో జబ్బు చేసిందా, చికిత్స జరిగిందా అన్నదానితో పని లేదు. ఎవరైనా రాయొచ్చు.

దీన్ని లివింగ్ విల్‌తో కలిపి చూడొద్దు. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకున్నదీ, 2023 జనవరిలో నిబంధనలు సడలించినదీ చావు అంచున వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్న వ్యవహారం. ఇక్కడి కాగితం రాసే మనిషి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి, మళ్లీ దుకాణం తెరుచుకుని, అదే వీధిలో బతకబోయేవాడు. రెండింటికీ పోలిక పేరులోనే.

ఈ కాగితం అందరికంటే ఎక్కువగా నప్పేది బైపోలార్ ఉన్నవాళ్లకే అని నా అభిప్రాయం. ఆ జబ్బుకు రెండు కొసలు. ఒక కొసన మేనియా: మూడు గంటల నిద్రకే ఒళ్లు తేలిగ్గా ఉండడం, మాట మీద మాట తోసుకురావడం, చేతిలో డబ్బు నిలవకపోవడం, కాదన్నవాడల్లా శత్రువైపోవడం. రెండో కొసన డిప్రెషన్: మంచం దిగలేకపోవడం, బతికి ఏం లాభం అనిపించడం. మధ్యలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, చాలామంది మామూలు మనుషులే. తమకు ఏమవుతుందో తేటగా చెప్పగలరు. పైగా ఒక మనిషికి జబ్బు వచ్చే తీరు తరచూ గత వరసనే పోలి ఉంటుంది. ఒకరికి పాటలతో మొదలవుతుంది, ఒకరికి పూజలతో, ఒకరికి అప్పులివ్వడంతో. ఆ వరస తెలిసినవాళ్లు ఇద్దరే, అనుభవించిన మనిషీ పక్కనే పడుకున్న మనిషీ. డాక్టరు దగ్గరికి వచ్చేసరికి సగం కథ అయిపోయి ఉంటుంది.

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం జీవితకాలంలో బైపోలార్ బారిన పడ్డవాళ్లు నూటికి 0.5, అంటే వెయ్యిమందిలో అయిదుగురు. వాళ్లలో వైద్యం అందనివాళ్లు నూటికి 70.4 మంది. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. అయినా ఈ అంకెలు మనకు వర్తించవనుకోవడానికి కారణమేమీ కనబడదు.

ఒక ఇంటిని ఊహించుకుందాం, పేర్లు వద్దు. మైలవరాన్ని కృష్ణా డెల్టా కింద జమకట్టేస్తారు గానీ నిజానికది మెట్ట. కాలవ కింద వరి కంటే మామిడి తోటల పేరు ఎక్కువ వినిపించే వైపు. ఆ ఇంటాయన తోటల కాపు కొనే వ్యాపారి. రెడ్డిగూడెం, ఎ.కొండూరు చుట్టుపక్కల పూత మీదో పిందె మీదో బేరం చేసి అడ్వాన్సు ఇస్తాడు, వేసవిలో కోయించి నున్న మార్కెట్‌కు తోలతాడు. ముప్పయ్యెనిమిదేళ్లు. మూడుసార్లు మేనియా వచ్చింది, మూడుసార్లూ సీజన్లోనే. సీజన్లో నిద్ర తక్కువ, తిరుగుడు ఎక్కువ, చేతిలో రొక్కం ఆడుతుంటుంది. ఎవరూ అనుమానించరు, “మనిషి మంచి హుషారు మీదున్నాడు” అంటారు. ఆయన భార్యకు మాత్రం ఒక లెక్క ఉంది: రెండు రాత్రులు నిద్ర లేదంటే మూడో రోజు ఎవరిదో తోట కొనేస్తాడు. చూడకుండా, పూత రాలిపోయిన తోటైనా సరే.

అలాంటి మనిషి దసరా తర్వాత, ఒంట్లో మనసులో కుదురుగా ఉన్న రోజున కూర్చుని రాసుకుంటే ఆ కాగితం ఇలా ఉండొచ్చు: “వరసగా రెండు రాత్రులు నాలుగు గంటల కంటే తక్కువ పడుకున్నానంటే మొదలైనట్టే. అప్పుడు నేను ఒప్పుకోను. సీజను కదా, నాకేం కాలేదు అంటాను. ఆ మాట నమ్మొద్దు. మా ఆవిడ చెబితే కోపం వస్తుంది. మా బావమరిది చెబితే వింటాను, వాడికి ఫోన్ చేయండి. హలోపెరిడాల్ ఇంజెక్షన్ వేస్తే పోయినసారి దవడ బిగుసుకుపోయింది, వేరే మందుంటే అది చూడండి. కాళ్లూ చేతులూ కట్టొద్దు. లైట్లు తగ్గించి ఒక్కడినే ఉండనివ్వండి, పలకరించడానికి పదిమందిని రానివ్వొద్దు. కరెంటు వైద్యం తప్పదని డాక్టరుగారు అంటే నాకు అభ్యంతరం లేదు, మత్తిచ్చి చేస్తేనే. గుడికి తీసుకెళ్లాలనుకుంటే తర్వాత, ముందు ఆసుపత్రి. మజ్జిగలో మందు కలపొద్దు. తెలిస్తే ఇక ఇంట్లో నీళ్లు కూడా తాగను. మా అమ్మకు చెప్పొద్దు, ఆమెకు బీపీ.”

ఇందులో చట్టం ఒప్పుకునేవీ ఉన్నాయి, చట్టానికి పట్టనివీ ఉన్నాయి. కేంద్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన నమూనా ఫారంలో ఎలా చూసుకోవాలి, ఎలా చూసుకోవద్దు అన్న రెండు గడులతో పాటు అలర్జీలు, మందుల వల్ల గతంలో కలిగిన ఇబ్బందులు రాసే చోటు, ప్రతినిధుల పేర్లు వరసక్రమంలో రాసే చోటు, సాక్షుల సంతకాల చోటు ఉంటాయి. దవడ బిగుసుకోవడం అందులో పడుతుంది. మత్తివ్వకుండా కరెంటు పెట్టడం చట్టమే నిషేధించింది కాబట్టి ఆ షరతు రాయకపోయినా వర్తించాలి, రాస్తే ధైర్యం. మజ్జిగ సంగతీ అమ్మ సంగతీ ఏ గడిలోనూ ఇమడవు. రేపు ఆ ఇంట్లో గొడవ రాకుండా కాపాడేవి మాత్రం అవే.

చట్టం నడిచే తీరు చూద్దాం. కాగితం రాసిన రోజు నుంచి అమలు కాదు. మనిషి తన వైద్యం గురించి నిర్ణయించుకునే సామర్థ్యం కోల్పోయినప్పుడు మేల్కొంటుంది, తిరిగి తేరుకోగానే పడుకుంటుంది. సామర్థ్యమంటే ఏమిటో 4వ సెక్షన్ చెప్పింది: చెప్పింది అర్థం చేసుకోవడం, చేస్తే ఏమవుతుందో చేయకపోతే ఏమవుతుందో గ్రహించడం, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో తెలియజేయడం. నిర్ణయం మనకు తప్పనిపించినంత మాత్రాన సామర్థ్యం లేదనకూడదని అదే సెక్షన్లో ఉంది. మంచి మాట. మేనియా దగ్గర ఈ మాట చాలా ఇరుకున పెడుతుంది, అది తర్వాత. సరైన పత్రం ఉంటే వైద్యుడు దాన్ని పాటించాలి. డాక్టరుకో ఇంట్లోవాళ్లకో అది నచ్చకపోతే పక్కన పడేయడానికి లేదు, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. బోర్డులో జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి, కలెక్టరు ప్రతినిధి, మానసిక వైద్యుడు, మరో వైద్యుడు, ఇంకా జబ్బు అనుభవించినవాళ్లు లేదా చూసుకునేవాళ్లు ఉండాలని చట్టం. ఇష్టపూర్వకంగా రాశాడా, విషయం తెలిసే రాశాడా, ఇప్పటి పరిస్థితిని ఊహించే రాశాడా అని వాళ్లు చూస్తారు. ఆవేశంలో పత్రాన్ని చింపేస్తే రద్దయిపోదు, రాయడానికి ఏ పద్ధతో మార్చడానికీ అదే పద్ధతి. వైద్యుడికి పత్రం అందేలా చూసే బాధ్యత మాత్రం రాసినవాడిదే. ప్రతి అందకపోతే పాటించలేదని డాక్టర్ని తప్పుపట్టడానికి లేదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా రాత్రిపూట ఉంది.

పత్రం అత్యవసర చికిత్సకు వర్తించదని 9వ సెక్షన్. అత్యవసరమంటే ప్రాణాపాయం, తనకో ఎదుటివాళ్లకో దెబ్బలు తగిలే ప్రమాదం, ఆస్తి ధ్వంసం. అప్పుడు రిజిస్టరైన ఏ డాక్టరైనా 72 గంటల వరకూ చికిత్స చేయొచ్చు, కరెంటు వైద్యం తప్ప. ఇంట్లోవాళ్లు ఆసుపత్రికి పరిగెత్తేది సరిగ్గా అలాంటి రాత్రే కదా! అంటే ఏ క్షణం కోసం కాగితం రాసుకున్నాడో ఆ క్షణంలో అది బీరువాలో ఉన్నా చేతిలో ఉన్నా ఒకటే. కాకపోతే ఆ 72 గంటల్లోనూ ప్రతినిధి అందుబాటులో ఉంటే ఆయన సమ్మతి తీసుకోవాలని 94వ సెక్షన్ అంటుంది. ఆ తర్వాత 30 రోజుల దాకా ఉంచాలన్నా 89వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టేది ప్రతినిధే. అందుకే పత్రంలో రాతల కంటే పేర్లే బలం. వైద్యం గురించి ఒక్క ముక్క రాయలేనివాళ్లు కూడా ప్రతినిధి పేరొక్కటి రాసి ఉంచుకోవచ్చు. దానికి తెల్లకాగితం చాలు, సంతకమో వేలిముద్రో చాలు. ప్రతినిధి మేజరై ఉండాలి, బాధ్యత మోయగలిగి ఉండాలి, ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. చుట్టమే అయ్యుండాలని ఎక్కడా లేదు.

ఈ ప్రతినిధి అన్న మాట మన ఇళ్లలో ఇంకా తలకెక్కలేదు. నామినీ అంటే తెలుసు, బ్యాంకులో, పీఎఫ్‌లో మనం పోయాక డబ్బు తీసుకునేవాడు. బతికుండగా మన నోరుగా ఉండేవాడికి కూడా చట్టం ‘నామినేటెడ్ రిప్రజెంటేటివ్’ అని అలాంటి పేరే పెడితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. పేరు సంగతి అలా ఉంచి, అసలు మార్పు ఎక్కడుందో చూడండి. ఎవరి పేరూ రాయకపోతే చట్టం బంధువుల వైపు చూస్తుంది. బంధువులంటే మన దగ్గర పెద్దన్నయ్య, మామగారు, ఊళ్లో పెద్దమనిషి అనిపించుకున్న బాబాయి. భార్య గుమ్మం పక్కన నిలబడుతుంది. పత్రంలో మొదటి పేరు భార్యదో, అక్కదో, స్నేహితుడిదో రాస్తే ఆ వరస తిరగబడుతుంది. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో ఈ చట్టం తెలుగిళ్లలో చేయగల పెద్ద పని అదే.

రెండో చిక్కు మరీ సన్ననిది. మామిడి వ్యాపారి రెండు రాత్రులు నిద్రపోలేదు. మాట స్పష్టంగా ఉంది, లెక్కలు చకచకా చెబుతున్నాడు, డాక్టరు అడిగిన ప్రతిదానికీ జవాబుంది. చట్టం లెక్కలో ఆయనకు సామర్థ్యం ఉన్నట్టే. సామర్థ్యం ఉన్న మనిషి ఇప్పుడు చెప్పే మాట పాత పత్రాన్ని తోసిరాజంటుంది. నాలుగు రోజుల తర్వాత సామర్థ్యం పోయినప్పుడు పత్రం నిద్రలేస్తుంది, ఈలోగా ఆయన మూడు తోటలకు అడ్వాన్సు ఇచ్చేసి ఉంటాడు. మొదటి తుమ్ముకీ జ్వరానికీ మధ్య ఉన్న ఆ నాలుగు రోజులకు ఇండియాలో చట్టం లేదు, ఇంగ్లండులోనూ చాలా కాలం వెతుక్కున్నారు. ఓడ స్తంభానికి తనను కట్టేయమని, తాను బతిమాలినా విప్పొద్దని నావికులకు చెప్పిన గ్రీకు వీరుడి పేరుతో దీన్ని యులిసిస్ ఒప్పందం అంటారు. బ్రిటన్‌లోని బైపోలార్ రోగుల అభిప్రాయాలపై 2021లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన అధ్యయనంలో 565 మందిలో 463 మంది, అంటే నూటికి 82 మంది, అలాంటి ఏర్పాటు కావాలన్నారు. స్వేచ్ఛ పేరుతో చట్టం తమను తమ జబ్బుకు వదిలేయడం వాళ్లకు ఇష్టం లేదు. వద్దన్నవాళ్ల భయం కూడా తీసిపారేసేది కాదు: ఏది హుషారో ఏది జబ్బో తేల్చేదెవరు? సంతోషంగా ఉన్నా అనుమానిస్తారా?

ఈ రెండో ప్రశ్నను మైలవరం బజారులో నిలబెట్టి చూస్తే ఇంకా పదునెక్కుతుంది. ఒకసారి ఆసుపత్రికి వెళ్లొచ్చిన మనిషి గట్టిగా నవ్వినా “మాత్ర వేసుకున్నావా?” అంటారు. భార్యతో మామూలుగా పోట్లాడినా జబ్బు కిందే లెక్క. అందుకే పత్రంలో గుర్తులు అంకెల్లో ఉండాలి. ‘ఎక్కువ మాట్లాడితే’ అని కాదు, ‘రెండు రాత్రులు నాలుగు గంటల లోపు నిద్ర’ అని. అంకెలో రోగికీ ఇంట్లోవాళ్లకూ రక్షణ ఉంది, జబ్బును దాచే దారి ఆయనకు లేదు, కోపాన్ని జబ్బుగా చూపించే దారి వాళ్లకు లేదు.

అసలు ఇలాంటి పత్రాలు పనికొస్తాయా? ఆలోచన మొదట చెప్పినవాడు అమెరికాలో థామస్ సాజ్, 1982లో, బలవంతపు వైద్యం నుంచి తప్పించుకునే వీలునామాలాగా. తర్వాత ఇంగ్లండులో దాన్ని తిరగేశారు: రోగీ డాక్టరూ ఇంటివాళ్లూ కలిసి కూర్చుని రాసే ‘ఉమ్మడి ప్రణాళిక’. సైకోసిస్, బైపోలార్ ఉన్న 160 మందిపై 2004లో అచ్చయిన పరీక్షలో ప్రణాళిక ఉన్నవాళ్లలో బలవంతంగా చేర్చాల్సి వచ్చింది నూటికి 13 మందిని, లేనివాళ్లలో 27 మందిని. అందరూ సంబరపడ్డారు. 2013లో లాన్సెట్‌లో వచ్చిన, 569 మందితో చేసిన పెద్ద పరీక్షలో ఆ తేడా మాయమైంది: 18, 20. ఏమైందంటే చాలాచోట్ల డాక్టర్లు ఆ సమావేశాన్ని మొక్కుబడిగా కానిచ్చేశారు. కాగితం ఉంది, మాట్లాడుకోవడం లేదు. ఇలాంటి పరీక్షలన్నీ కలిపి 2016లో లెక్కకట్టినవాళ్లు బలవంతపు చేరికలు దాదాపు 23 శాతం తగ్గాయన్నారు. నాకు అన్నిటికంటే నచ్చింది 2022లో ఫ్రాన్సు నుంచి వచ్చిన ఫలితం. లియాన్, మార్సేల్, పారిస్ నగరాల్లో 394 మంది. పత్రం రాయడానికి పక్కన కూర్చుని సాయం చేసింది డాక్టరు కాదు, ఒకప్పుడు అలాంటి జబ్బే అనుభవించి తేరుకున్న మనిషి. అక్కడ బలవంతపు చేరికలు ఆ సాయం అందనివాళ్లలో 39.9 శాతం, అందినవాళ్లలో 27.

మన మానసిక వైద్యుల సంఘం బిల్లు దశలోనే అభ్యంతరం చెప్పింది: ఇది ఒంటరిగా బతికే పడమటి దేశాల సరుకు, మనకు కుటుంబమే ఆసుపత్రి, ఓపీలో కిక్కిరిసిన జనం మధ్య ఎవరు కూర్చుని రాయిస్తారు అని. ఓపీ మాట నిజం. విజయవాడ పెద్దాసుపత్రిలో గానీ ప్రైవేటులో గానీ నలభై కిలోమీటర్లు బస్సెక్కి వచ్చినవాళ్లకు డాక్టరు ఇచ్చే సమయం మందుల చీటీకే సరిపోతుంది. కుటుంబం మాట మాత్రం సగమే నిజం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉండి, అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక చనిపోయిన 28 మంది మానసిక రోగులను అక్కడ వదిలిపెట్టి వచ్చిందీ కుటుంబాలే. ప్రేమ లేక కాదు, దారి తెలియక, చుట్టుపక్కలవాళ్ల మాట పడలేక. కుటుంబమే లేనట్టు రాసిన పత్రం మన ఊళ్లో నిలవదు. కుటుంబానికే వదిలేస్తే ఆ మనిషి గొంతు మిగలదు. కాబట్టి ఇంట్లోవాళ్లతోనే కూర్చుని, వాళ్లలో ఎవరో ఒకరిని తానే ఎంచుకుని రాయడం తప్ప వేరే దారి నాకు కనబడదు.

ఆడవాళ్ల విషయం దగ్గర ఆగాలి. 1955 హిందూ వివాహ చట్టంలో మానసిక జబ్బు పెళ్లి చెల్లకపోవడానికీ, విడాకులకూ కారణంగా చూపగల అంశం. అలాంటప్పుడు ‘నాకు బైపోలార్ ఉంది’ అని సొంత దస్తూరీతో రాసి అత్తగారింట్లో ఉంచమని ఏ ఆడపిల్లకు చెప్పగలం? ఆమె పత్రం పుట్టింట్లోనో డాక్టరు ఫైల్లోనో ఉండడం పిరికితనం కాదు, లౌక్యం. వైద్య సమాచారాన్ని గోప్యంగా ఉంచే హక్కు 23వ సెక్షన్లో ఉంది. కోర్టులో ఎవరైనా ఆమె జబ్బును రుజువుగా చూపి, దాన్ని ఆమె కాదంటే, విషయం బోర్డు పరిశీలనకు వెళ్లాలని 105వ సెక్షన్ చెబుతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైనది కాన్పు. బైపోలార్ ఉన్నవాళ్లకు ప్రసవం తర్వాతి వారాలు జబ్బు తిరగబెట్టడానికి అన్నిటికంటే అనువైన కాలం. మన ఆచారం చూస్తే, సరిగ్గా ఏడో నెలలో ఆమెను పుట్టింటికి తీసుకెళ్తాం. మైలవరం కోడలు గుడివాడ వెళ్తుంది. డాక్టరు మారతాడు, మందుల షాపు మారుతుంది, ఆమె నిద్ర లెక్క తెలిసిన భర్త వారానికోసారి చూసివెళ్తాడు. పాత ఫైలు ఇక్కడే బీరువాలో. అక్కడ రాత్రంతా పసిబిడ్డ. నిద్ర లేకపోవడం బాలింతకు సహజమే అనుకుంటారు, అది మేనియాకు మొదటి మెట్టని ఎవరికీ తట్టదు. వాల్ప్రోయేట్ వాడుతున్న అమ్మాయి అసలు గర్భం దాల్చకముందే డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలుంటాయి, ఆ మందు బిడ్డకు చేసే చెరుపు చిన్నది కాదు. కాబట్టి కాన్పు కోసం విడిగా ఒక పేజీ రాసుకోవాలంటాను. రాత్రి పాలిచ్చే పని ఎవరు పంచుకోవాలి, ఏ మందు ఎప్పుడు మళ్లీ మొదలెట్టాలి, ఆసుపత్రిలో చేరాల్సివస్తే బిడ్డ ఎక్కడుండాలి. మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదని చట్టమే అంటుంది, ఆ సంగతి చాలా పుట్టిళ్లకు తెలియదు.

మందుల గురించి రాసేటప్పుడు పెద్ద ఆసుపత్రి ఒక్కదాన్నే దృష్టిలో పెట్టుకుంటే చాలదు. ఊళ్లో ఒళ్లు నొప్పులంటే ముందు వెళ్లేది ఆర్ఎంపీ దగ్గరికి. అక్కడ పడేది డైక్లోఫెనాక్ సూది. లిథియం వాడే మనిషికి ఆ జాతి నొప్పి మందులు లిథియం మోతాదును రక్తంలో పెంచుతాయి. ఉబ్బసానికో దద్దుర్లకో వేసే స్టెరాయిడ్ సూది కొందరిలో మేనియాను లేపుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో చెమటకారి, నీళ్లు చాలక ఒళ్లు ఎండినా లిథియం విషమించగలదు. దానికి కిడ్నీల లెక్క కూడా ముఖ్యమే. మైలవరం పక్కనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుల గోడు రాష్ట్రమంతా విన్నది. ఆ వైపు నుంచి వచ్చి లిథియం వాడే మనిషి పత్రంలో క్రియాటినిన్ అంకె, పరీక్ష తేదీతో సహా, మొదటి పేజీలో ఉండాలి. ఇవన్నీ చట్టం దృష్టిలో అలర్జీల గడిలో పడే చిన్న సంగతులు. ప్రాణం మీదికి తెచ్చేవి అవే.

డబ్బు దగ్గరికి వస్తే పత్రం చేతులెత్తేస్తుంది. అది వైద్యానికే, ఆస్తికి కాదు. చాలామంది జీపీఏ రాసిస్తే సరిపోతుందనుకుంటారు. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చినవాడి మతి చలిస్తే ఏజెన్సీ ముగిసిపోతుంది, అంటే కావాల్సిన రోజునే ఆ కాగితం చచ్చిపోతుంది. 1987 నాటి పాత మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తిని చూసుకునే ఏర్పాటు ఒకటి ఉండేది, 2017 చట్టంలో అది లేదు. అదే కాంట్రాక్టు చట్టంలో 12వ సెక్షన్ మాత్రం, మతి స్థిమితంగా ఉన్న వేళ చేసుకున్న ఒప్పందం చెల్లుతుందంటుంది. కాబట్టి పని స్థిమితంగా ఉన్న వేళే చేసుకోవాలి. పెద్ద మొత్తం ఇద్దరూ సంతకం పెడితేనే కదిలే ఖాతాలో ఉంచుకోవడం, ఫోన్ చెల్లింపుల పరిమితి తగ్గించుకోవడం, పాసుపుస్తకం అక్క ఇంట్లో ఉంచడం, తనకు అలవాటైన అడ్తీదారుకు ఒక్క మాట చెప్పి ఉంచడం. ఆ ఒక్క మాట చెప్పడమే కష్టం, తెలుసు. వ్యాపారిలో పరపతి పోతే మిగిలేదేముంది?

ఎక్కడికి వెళ్లాలన్నది కూడా రాసి ఉంచుకోవాల్సిందే. రాష్ట్ర విభజనకు ముందు ఈ వైపు కుటుంబాలు హైదరాబాదు ఎర్రగడ్డకో విశాఖ చినవాల్తేరు ఆసుపత్రికో వెళ్లేవి. ఆ రెండు చోట్ల పేర్లూ తెలుగులో తిట్లయిపోయాయి. ఎర్రగడ్డ ఇప్పుడు పక్క రాష్ట్రం, విశాఖ విజయవాడకు మూడువందల యాభై కిలోమీటర్ల దూరం. రాత్రి రెండింటికి కారు కొండపల్లి దాటి ఇబ్రహీంపట్నం దగ్గర ఆగి, ఏ ఆసుపత్రికని అందులో నలుగురూ వాదించుకునే దుస్థితి రాకూడదంటే ఆ పేరు పగలే రాసి ఉండాలి. టెలిమానస్ నంబరు 14416, 2022 అక్టోబరు నుంచి ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. బోర్డు ముందు వెళ్లాల్సొస్తే ఉచిత న్యాయసహాయం 27వ సెక్షన్ కింద హక్కు. పత్రం ఫోటో ప్రతినిధుల ఫోన్లలో ఉండాలి. అసలుది ఎక్కడుందో కనీసం ఇద్దరికి తెలియాలి.

మన మామిడి వ్యాపారి దగ్గరికి తిరిగి వెళ్దాం. ఆయన పత్రంలో మొదటి పేరు బావమరిదిది. ఆ కుర్రాడు ఈ ఏడు డాలస్ వెళ్లాడు. ఫోన్ చేస్తే ఎత్తుతాడు, వాట్సాప్‌లో “బావా, పడుకో” అంటాడు, కానీ రాత్రి కారులో పక్కన కూర్చునేదెవరు? అమెరికాకు కొడుకునో బావమరిదినో పంపిన ఇళ్లు కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల్లో లెక్కలేనన్ని. అందరికీ ఇదే ఇబ్బంది. పూత రాకముందు, డిసెంబరులో, భార్యాభర్తలు కాగితం బయటికి తీశారు. రెండో పేరు ఎవరిదని గంటసేపు వెతికి, చివరికి ఆమే అంది, “కాటా దగ్గర గుమాస్తా ఉన్నాడు కదండీ, మీరు నిద్రపోయారో లేదో నాకంటే ముందు అతనికే తెలుస్తుంది.”

గుమాస్తాను పిలిచి టీ ఇచ్చి విషయం చెప్పారు. అతను కాగితం రెండుసార్లు చదివాడు. “నేను మీ చుట్టాన్ని కాదు కదండీ” అన్నాడు. ఆ అవసరం లేదని చెప్పారు. కలం తీసుకుని కాసేపాగి అడిగాడు, “మరి రాత్రి ఎన్నింటికి పడుకున్నారని రోజూ అడగాలా?”

“సీజన్లో అడుగు” అన్నాడాయన.